గిటారు మెడ: సన్నమా, ఇరుకా?

సందేహం: తిరుపతిలో పిల్లలకు గిటారు నేర్పుతున్నాను. ఎలాంటి గిటారు కొనాలో తల్లిదండ్రులకు చెప్పడానికి తెలుగులో నాలుగు పేజీలు రాద్దామని కూర్చుంటే 'నట్ విడ్త్' (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న కమ్మీ వెడల్పు) దగ్గర కలం ఆగిపోయింది. ఫోనులో అనువాదం చూస్తే 'గింజ వెడల్పు' అని వచ్చింది. పోనీ అని 'సన్న మెడ ఉన్నది తీసుకోండి' అని ఒక పిల్లవాడి నాన్నకు రాసి పంపాను. ఆయన వెనకవైపు పలచగానే ఉన్నా ముందు బాగా వెడల్పున్న గిటారు తెచ్చారు. నట్‌కు తెలుగులో మాట ఉందా? 'సన్న మెడ' అనడం తప్పా?

సమాధానం: మీ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. నట్‌ను నట్ అన్నంత మాత్రాన ఎవరూ తప్పు గిటారు కొనరు. 'సన్నం' అన్నందుకే ఆయన పొరబడ్డారు.

సన్న దారం, సన్న బియ్యం, సన్న నడుము అంటాం. చేత్తోనో వేళ్లతోనో చుట్టి పట్టుకుంటే తెలిసే కొలత అది. దానికి ఎదురు మాట లావు. సన్నని దారి అని కూడా అంటాం, నిజమే. కానీ పిడికిట్లో పట్టుకునే వస్తువు గురించి సన్నం అంటే వినేవారికి ముందు తోచేది దాని చుట్టుకొలతే. పాపం, ఆయన దుకాణంలో మెడను పట్టుకుని చూసి, చేతికి సన్నగా ఉన్నదే తెచ్చుంటారు. మీరు చెప్పదలచుకున్నది ఆరు తీగలూ పరుచుకునే చోటు గురించి. చోటుకు మన మాట 'ఇరుకు'. గది ఇరుకు, గోవిందరాజస్వామి గుడి పక్కన సందు ఇరుకు. ఇరుకైన మెడ లావుగానూ ఉండవచ్చు, వెడల్పాటి మెడ వెనక పలచగానూ ఉండవచ్చు. ఈ రెండు కొలతలూ వేరు. వాటికి రెండు మాటలు తెలుగులో ఎప్పటినుంచో ఉండగా ఒకదాన్నే రెండింటికీ వాడడం నాకు బాధగా ఉంటుంది.

మీ ఉత్తరం అందాక మా పక్కింటి అమ్మాయి గిటార్లు రెండూ అడిగి తెచ్చుకుని, బడిపిల్లల స్కేలు పెట్టి కొలిచాను. స్టీలు తీగలది, తీగలు బిగించే బిరడల కింద, నట్ దగ్గర 43 మిల్లీమీటర్లుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు అదే చోట 52. తేడా 9 మిల్లీమీటర్లే, చిటికెన వేలి వెడల్పు కూడా లేదు. అయినా మొదటి గిటారు మీద ఆ అమ్మాయి మూడు వేళ్లతో తీగలు నొక్కితే ఉంగరం వేలి కొస పక్క తీగకు తగిలి ఆ తీగ మూగబోయింది. రెండోదాని మీద వేళ్లకు వేళ్లకు మధ్య గాలి ఆడింది. అన్నట్టు, మెడ కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అందుకే ఉత్త 'మెడ వెడల్పు' అని రాయకండి. ఎక్కడ కొలిచిన వెడల్పో చెప్పాలి.

ఇక్కడ ఇంకో మాట కూడా మీకు పనికొస్తుంది. నట్ వెడల్పు 43 అంటే తీగలు ఆ 43 అంతటా ఉండవు. అంచుల్లో కొంత వదిలి గాడులు కోస్తారు. మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య సుమారు 35, 36 మిల్లీమీటర్లే ఉంటుంది. దీన్ని 'తీగల ఎడం' అనండి. చిత్తూరు జిల్లాలో చెనిక్కాయలు విత్తే రైతును అడిగితే సాలుకూ సాలుకూ ఎంత ఎడమో చెప్తాడు. మామిడి మొక్కలు నాటేవాళ్లదీ ఇదే మాట. చేను వెడల్పు వేరు, సాళ్ల ఎడం వేరు. పిల్లల తల్లిదండ్రులకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు నట్ సంగతి. ఇంగ్లీషులో ఆ మాట గింజకూ, బోల్టుకు బిగించేదానికీ, తీగలు ఆనే ఈ చిన్న కమ్మీకీ ఒకటే కావడంతో యంత్రం గింజను పట్టుకుంది. 'నట్టు వెడల్పు' అన్నా లాభం లేదు. నట్టు అనగానే మనకు పానా గుర్తొస్తుంది. కానీ వీణకు ఇదే పని చేసే భాగం ఉంది. దాని పేరు మేరువు. బిరడల నుంచి వచ్చిన తీగ మేరువు మీదుగా దిగుతుంది. మేరువుకూ, రెండో కొసన తీగలను మోసే గుర్రానికీ మధ్య ఉన్న తీగే పలుకుతుంది, మేరువుకు అవతలిది పలకదు. జపమాలలో 108 పూసలకు పైన ఉండే పూసను కూడా మేరువనే అంటారు. జపం దాన్ని దాటదు, అక్కడినుంచి వెనక్కు తిరుగుతుంది. తులసిమాల తిప్పే ఊళ్లో ఈ మాటను ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు.

కాబట్టి నట్‌కు మేరువు, మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్‌కు వీణలో లాగే మెట్టు అని నిశ్చింతగా రాయండి. దుకాణంలో అడగాల్సింది నట్ అనే కనుక, మొదటిసారి 'నట్ అనే మేరువు' అని రెండూ కలిపి రాయడం మంచిది. నెక్‌కు మాత్రం వీణ 'దండి' కన్నా మీరు రాసిన 'మెడ'కే నా ఓటు. చెంబు మెడకు తాడు కట్టే భాషలో గిటారుకు మెడ ఉండడం సహజం.

మీ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: 'చిన్న చేతులకు మేరువు దగ్గర 43 మి.మీ. మించని ఇరుకు మెడ మేలు. మెడ లావుగా ఉందేమో పిల్లవాడి చేతికే ఇచ్చి చూడండి. వేళ్లతో ఒక్కో తీగా మీటి వాయించాలనుకునే పెద్దలకు తీగల ఎడం ఎక్కువున్న 52 మి.మీ. మెడ హాయి.'