ఎక్స్‌టెన్షన్ ఆగిపోయింది, కొత్త వెర్షన్ కొనాల్సిందేనా?

ప్రశ్న: కాకినాడలో టాక్స్ ప్రాక్టీస్ చేస్తుంటానండి. క్లయింట్ల జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ లాగిన్లన్నీ ఒక పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టుకున్నా, ఐదారేళ్ల కింద ఒకేసారి డబ్బు కట్టి కొన్నది, లైఫ్‌టైమ్ అన్నారు. ఈమధ్య క్రోమ్ అప్‌డేట్ అయ్యాక దాని ఎక్స్‌టెన్షన్ ఆగిపోయింది, ఇక సపోర్ట్ లేదని చూపిస్తోంది. కంపెనీ వాళ్లని అడిగితే కొత్త వెర్షన్‌కి రండి, ఏడాదికి ఇంత కట్టండి అంటున్నారు. నా పాస్‌వర్డ్‌లు పోయినట్టేనా? ఇది మోసం కాదా?

జవాబు: పోలేదండి, ముందు ఆ కంగారు వదిలేయండి. మీరు కొన్నలాంటి వాటిల్లో పాస్‌వర్డ్‌లు ఉండేది కంప్యూటర్‌లోని అసలు యాప్‌లో, బ్రౌజర్‌లో తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ ఆ యాప్‌కీ బ్రౌజర్‌కీ మధ్యలో ఉత్తరాలు అందించే పోస్ట్‌మ్యాన్ అంతే. యాప్ తెరిచి మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టండి, లాగిన్లన్నీ అక్కడే కనిపిస్తాయి, కొన్నాళ్లు కాపీ పేస్ట్‌తో నెట్టుకురావచ్చు, విసుగే గానీ పని ఆగదు.

ఇక ఎందుకు ఆగిందంటే, క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు ఎలా ఉండాలో చెప్పే రూల్స్‌ని మానిఫెస్ట్ అంటారు, అందులో పాత వెర్షన్ 2ని గూగుల్ 2024 జూన్ నుంచి మెల్లగా ఆపుకుంటూ వచ్చి 2025లో పూర్తిగా తీసేసింది. వెర్షన్ 3కి తిరగరాసుకోని ఎక్స్‌టెన్షన్లన్నీ పడుకున్నాయి. మీ కంపెనీ కొత్త యాప్‌కి మాత్రమే రాసి పాతదాన్ని గాలికొదిలేసినట్టుంది, కాబట్టి క్రోమ్ తీసి మళ్లీ వేసినా, ఏకంగా విండోస్ ఫార్మాట్ కొట్టినా ఉపయోగం ఉండదు, ఆ తిప్పలు పడకండి. ఒకటి మాత్రం చూడొచ్చు, ఫైర్‌ఫాక్స్ పాత రకం ఎక్స్‌టెన్షన్లని ఇంకా రానిస్తోంది, మీ పాత యాప్‌కి ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఉంటే అది వేసుకుని ఆఫీసు పని వరకు అందులో చేసుకోండి.

మోసమా అంటే, లైఫ్‌టైమ్ అంటే చాలా చోట్ల ఆ వెర్షన్ బతికున్నంత కాలం అని, కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. పెద్ద పేరున్న వన్‌పాస్‌వర్డ్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కూడా వెర్షన్ 7 దాకా ఒకేసారి కొనుక్కునే లైసెన్స్ ఇచ్చింది, 8 నుంచి చందా ఒక్కటే. నన్నడిగితే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి ఏటా కట్టడం తప్పేం కాదు, బ్రౌజర్ రూల్స్ మార్చినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని తిరగరాయాలి కదా, కానీ లైఫ్‌టైమ్ అని అమ్మేటప్పుడు ఎవరి లైఫో చెప్పకపోవడం మాత్రం నాకు నచ్చదు.

కట్టడం ఇష్టం లేకపోతే బిట్‌వార్డెన్ అనే ఇంకో పాస్‌వర్డ్ మేనేజర్ ఉచిత ప్లాన్ ఎన్ని డివైసుల్లో అయినా నడుస్తుంది, మీ పనికి సరిపోతుంది. కీపాస్ఎక్స్‌సీ అనేదైతే మొత్తం ఉచితమే, పాస్‌వర్డ్‌ల ఫైల్ మీ దగ్గరే ఉంటుంది, బ్యాకప్ పూచీ కూడా మీదే. పాతదాంట్లోంచి సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాల పట్టికగా, ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేయడమే, కాకపోతే అకౌంట్స్ వాళ్లకి చెయ్యి ఆగదు, ఆ ఫైల్ ఎక్సెల్‌లో తెరిచి ఒకసారి సేవ్ కొట్టేస్తారు, అక్కడే కొంప మునుగుతుంది. 0073 అనే పిన్ 73 అయిపోతుంది, ఈక్వల్ గుర్తుతో మొదలయ్యే పాస్‌వర్డ్‌ని ఫార్ములా అనుకుంటుంది, పదహారంకెల నంబర్ ఉంటే చివరి అంకెని సున్నా చేసి పెడుతుంది. తెరిచి చూడాలనిపిస్తే నోట్‌ప్యాడ్‌లో చూడండి. అందులో పాస్‌వర్డ్‌లన్నీ పచ్చిగా కనిపిస్తుంటాయి కాబట్టి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడాలూ అవీ వద్దు, ఇంపోర్ట్ అయ్యాక నాలుగైదు లాగిన్లు సరిచూసుకుని షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసేయండి.

ప్రశ్న: యాప్ తెరిచే ఉంది, ఎక్స్‌టెన్షన్ మాత్రం డెస్క్‌టాప్ యాప్‌తో కనెక్ట్ కాలేకపోతున్నా అంటోంది. (వరంగల్ నుంచి)

జవాబు: బ్రౌజర్ లోలోపల అప్‌డేట్ అయిపోయి రీస్టార్ట్ కోసం చూస్తుంటే ఇలా అవుతుంటుంది. విండో మూస్తే చాలదు, గడియారం పక్కన ఐకాన్లలో క్రోమ్ ఇంకా నడుస్తుంటే అక్కడ కూడా ఎగ్జిట్ కొట్టి, యాప్ కూడా మూసి, ముందు యాప్ తర్వాత బ్రౌజర్ తెరవండి. కీపాస్ఎక్స్‌సీ అయితే సెట్టింగ్స్‌లో బ్రౌజర్ ఇంటిగ్రేషన్ దగ్గర మీ బ్రౌజర్‌కి టిక్ ఉందో లేదో చూడండి, చాలామంది అది పెట్టరు.

ప్రశ్న: విదేశీ కంపెనీ పాస్‌వర్డ్ మేనేజర్‌కి ఏడాది చందా కడదామంటే నా కార్డు తీసుకోవట్లేదు. అకౌంట్లో డబ్బులున్నాయి. (నిజామాబాద్ నుంచి)

జవాబు: ముందు బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కి వెళ్లి ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ వాడకం ఆన్‌లో ఉందా చూడండి, 2020 రిజర్వ్ బ్యాంక్ రూల్ తర్వాత ఇచ్చిన కార్డులకి అది మనం ఆన్ చేసుకుంటేనే వస్తుంది. అదీ ఉండి ఫెయిల్ అయితే ఆటో రెన్యువల్ గొడవ అయుండొచ్చు. 2021 అక్టోబర్ నుంచి ఏటా దానంతటదే కట్ అయ్యే పేమెంట్‌కి మొదట్లో ఓటీపీతో మాండేట్, అంటే ముందస్తు అనుమతి, పెట్టాలి, డబ్బు కట్ అవ్వడానికి 24 గంటల ముందు మనకి మెసేజ్ రావాలి, ఓటీపీ లేకుండా పోయే మొత్తానికి పరిమితి మొదట 5,000, తర్వాత 2022లో 15,000 చేశారు. ఈ ఏర్పాటు లేని విదేశీ కంపెనీ అడిగితే బ్యాంకు తిప్పి కొడుతుంది. కంపెనీకి ఆండ్రాయిడ్ యాప్ ఉండి అందులోనే చందా అమ్ముతుంటే ప్లే స్టోర్‌లోంచి రూపాయల్లో యూపీఐతో కట్టడం తేలిక. డాలర్లలో కడితే 18 శాతం జీఎస్టీ, పైన బ్యాంకు ఫారెక్స్ చార్జీ కూడా లెక్కేసుకోండి, వెబ్‌సైట్‌లో చూసిన రేటు కాదు మీకు పడేది.

రెన్యువల్ ఫెయిలైతే లాగిన్లు పోతాయేమో అని భయపడకండి, వన్‌పాస్‌వర్డ్‌లో అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది అంతే, ఉన్నవి చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, కొత్తవి చేర్చలేరు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉండే మా అమ్మాయి నా లాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టిచ్చింది. అన్ని చోట్లా దానంతటదే నింపుతుంది, బ్యాంకు సైట్‌లో మాత్రం ఈమధ్య నింపట్లేదు. కరెక్ట్‌గా చేయాలంటే డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలా? (తెనాలి నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: వద్దు మేడం, పైసా కట్టక్కర్లేదు. మీ బ్యాంకు అడ్రస్ మారుంటుంది చూడండి. దొంగ సైట్ల బెడద తగ్గించడానికి బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ తో ముగిసే అడ్రస్‌కి మారాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, ఆ పేర్లు ఇచ్చేది కూడా మన హైదరాబాద్‌లో ఉన్న, రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థే. మీ లాగిన్ పాత అడ్రస్ మీద సేవ్ అయి ఉంది కాబట్టి కొత్త సైట్‌ని అది ఎరగదు, ఊరుకుంటుంది. అలా ఊరుకోవడం దాని లోపం కాదు, అచ్చం బ్యాంకు సైట్‌లా ఉన్న దొంగ పేజీ వచ్చినా ఇలాగే నింపకుండా ఆగుతుంది, అందుకే నింపనప్పుడు విసుక్కుని చేత్తో కొట్టేయకుండా పైన అడ్రస్ చూడాలి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి వెళ్లకండి, కొత్త అడ్రస్ బ్రాంచిలో అడిగి మీరే టైప్ చేసి తెరవండి, సరైనదే అని తేలాక పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఆ బ్యాంకు ఎంట్రీ ఎడిట్ చేసి వెబ్‌సైట్ అనే చోట కొత్తది చేర్చండి. రెండు నిమిషాల పని, అమ్మాయి లేచేదాకా ఆగక్కర్లేదు.