ఏరోబిక్ డ్యాన్స్‌తో టెన్షన్ తగ్గుతుందా? నా అనుభవం

వ్యాయామం అలవాటే లేదు, నలభై దాటాక ఏరోబిక్ డ్యాన్స్ మొదలుపెడితే టెన్షన్ తగ్గుతుందా, మోకాళ్లు పాడవుతాయా అని అడిగారు కదండీ. నాకైతే బాగా తగ్గింది. మాది గుంటూరు, బ్రాడీపేట. పొద్దున్నే టిఫిన్లు, క్యారేజీలు, మామగారి మందులు, మా వాడి ఇంటర్ మార్కులు, ఇవన్నీ బుర్రలో తిరుగుతూనే ఉండేవి, మెడ పట్టేసేది, పడుకున్నా నిద్ర వచ్చేది కాదు. ఇంటిపని ఒంటికి అలసట తెస్తుంది గానీ మనసుకు తెరిపి ఇవ్వదండీ.

మా పక్క వీధిలో ఒకావిడ మేడ మీద ఆడవాళ్లకే క్లాసు పెడితే చేరాను. అంతకుముందు నడకకి వెళ్లినా, నడిచేటప్పుడు ఫీజు గడువు గురించీ ఆడపడుచు అన్న మాట గురించీ ఆలోచిస్తూనే ఉండేదాన్ని. ఇక్కడ అలా కుదరదు, కుడికాలు పక్కకి, ఎడమకాలు దగ్గరికి, చేతులు పైకి, అంతలో పాట మారిపోతుంది, ఇంకో ఆలోచనకు చోటే ఉండదు. నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఇదే. పైగా గుండె కాస్త వేగంగా కొట్టుకునేలా కదిలితే ఒంట్లో ఎండార్ఫిన్లు అనే హాయినిచ్చే రసాయనాలు విడుదలై హాయిగా ఉంటుంది. ముందు నిద్ర కుదిరింది, పిల్లల మీద విసుక్కోవడం ఆ తర్వాత మెల్లగా తగ్గింది.

మోకాళ్ల భయం ఉంటే లో ఇంపాక్ట్ స్టెప్పులే నేర్పమనండి, అంటే ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉంటుంది, ఎగరడం ఉండదు. గచ్చు మీద వట్టి కాళ్లతో చేయకండి, మెత్తటి అడుగు ఉన్న బూట్లు కొనుక్కోండి. చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదే మోస్తరు వేగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ. అది చూసి బెదిరిపోకండి, కొంచెమైనా అసలు చేయకపోవడం కంటే మేలని చెప్పిందీ వాళ్లే. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. చివర్లో మాత్రం ఒక్కసారిగా ఆపేయకుండా నెమ్మదిగా అడుగులు వేస్తూ ఆపాలి, లేకపోతే కళ్లు తిరగొచ్చు.

బీపీకో గుండెకో మందులు వాడుతుంటే ముందు డాక్టర్ని అడగండి. వారాల తరబడి ఏ పనీ చేయబుద్ధి కాక ఏడుపొస్తుంటే ఒక్క డ్యాన్స్ సరిపోదు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మన ఎండలు తెలిసినవే కదా, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడులోపే ముగించే క్లాసు చూసుకోండి. చేరే ముందు ఒకరోజు వెళ్లి ఊరికే కూర్చుని చూడండి, కొత్తవాళ్లను వెనకపడనిచ్చి వదిలేసే టీచరైతే ఇంకోచోట వెతుక్కోండి.