టార్చిలైటు కొనేముందు లోపలి బ్యాటరీ చూడండి

ప్రశ్న: మాస్టారూ, మా మొక్కజొన్న చేనికి అడవిపందుల బెడద. రాత్రిళ్లు కాపలాకి పోతున్నాను. సంతలో కొన్న చార్జింగ్ లైటు ఒక పంటకే పోయింది. అయిదొందల లోపు గట్టిగా నిలిచేది చెప్పండి. కిలోమీటరు దూరం కొట్టే లైటు తీసుకోమంటున్నారు మావాళ్లు.
– ఒక రైతు, సత్తుపల్లి

జవాబు: వెనక రెండు పిన్నులు బయటికి లాగి ప్లగ్గులో గుచ్చే రకమే కదా మీది? అలాంటి చౌక లైట్లు చాలావాటిలో 4 వోల్టుల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. స్కూటర్ బ్యాటరీ జాతిదే. చార్జి పూర్తిగా దిగిపోయిన లైటును అలాగే అటక మీద పడేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. కోతలయ్యాక మూడు నాలుగు నెలలు వదిలేశారంటే ఇక లేవదు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. వీటిలో ఇంటి కరెంటును వేరు చేసి వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్ దాటి ఇంటి కరెంటే సరాసరి లోపలికి వస్తుంది. కాబట్టి ప్లగ్గులో ఉండగా వెలిగించొద్దు. పై డొప్ప పగిలితే చార్జింగే పెట్టొద్దు. పిల్లల చేతికి దయచేసి ఇవ్వకండి.

ఈసారి 18650 సెల్‌తో నడిచేది తీసుకోండి. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు ఉండే 3.7 వోల్టుల లిథియం సెల్ అది. మూత తిప్పితే సెల్ ఊడి చేతిలోకి రావాలి. అతికించేసిన లైటు వద్దు. సెల్ మార్చుకునే వీలుంటే లైటు ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

సెల్ మీద 9800 ఎంఏహెచ్ (సెల్‌లో పట్టే చార్జికి కొలత) అని రాసి ఉంటే నమ్మకండి. పేరున్న కంపెనీల సెల్లే ఈ సైజులో ఎక్కువగా 2000 నుంచి 3500 మధ్య ఉంటాయి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూడండి. మంచి సెల్ 45 గ్రాముల దరిదాపుల్లో తూగుతుంది. పాతిక, ముప్ఫై దగ్గర ఆగిపోతే లోపల సరుకు లేదన్నమాట, తిరిగిచ్చేయండి. పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్లు చౌకగా దొరుకుతాయి కానీ, ఇంట్లో పెట్టుకుని చార్జింగ్ చేసే వస్తువు విషయంలో ఆ ఆదా నాకు నచ్చదు.

ఇక దూరం సంగతి. పెట్టె మీద నిజాయితీగా వేసే దూరం కూడా వెలుతురు 0.25 లక్స్‌కి పడిపోయే చోటిది. అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. చేను గట్టు మీద నడిచే మనిషికి కావలసింది అది కాదు, కాళ్ల ముందు నాలుగు అడుగులు వెడల్పుగా కనిపించడం. కట్లపాము తిరిగేదే రాత్రిపూట. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది. సన్నటి ఫోకస్‌లో మధ్య మచ్చ ధగధగలాడుతుంది, దాని పక్కనున్నది కంటికి ఆనదు. జూమ్ లైటు కొంటే నడిచేటప్పుడు వెడల్పు చేసుకోండి, పందుల అలికిడైనప్పుడే ఫోకస్ లాగండి. లైటును భుజం దగ్గర కాకుండా మోకాలి ఎత్తున పట్టుకుంటే నేల మీద ప్రతి వస్తువుకీ నీడ పడి తేడా తెలుస్తుంది. నీలం కొట్టే తెలుపు కంటే కాస్త పసుపు కలిసిన వెలుతురు మేలు. లైటు ఎంత మంచిదైనా బూట్లు మానొద్దు.

టైప్-సి పోర్టు ఉన్న చౌక లైట్లు కొన్ని కొత్త ఫోన్లతో వచ్చే రెండు వైపులా సి ఉన్న వైరుతో చార్జింగ్ ఎక్కవు. లైటు పాడైందని టెన్షన్ పడకండి. ఒకవైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న వైరు పెట్టి చూడండి.

ప్రశ్న: హుద్‌హుద్ తుపాను అప్పుడు రోజుల తరబడి కరెంటు లేక అవస్థ పడ్డాం. మా టార్చికి పెన్సిల్ సెల్లు పడతాయి. రీచార్జబుల్ సెల్ 1.2 వోల్టులే కదా, వెలుతురు తగ్గదా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: తగ్గుతుందని చాలామందికి భయం. మామూలు జింక్ సెల్ 1.5 దగ్గర మొదలై, వాడే కొద్దీ దిగిపోతూ ఉంటుంది. రీచార్జబుల్ నికెల్ సెల్ మాత్రం చివరిదాకా 1.2 దగ్గరే నిలకడగా ఉంటుంది. టార్చికి అదే కావాలి. అయితే మామూలు నికెల్ సెల్ ఊరికే ఉంచినా నెలల్లో చార్జి కారిపోతుంది. ఎనెలూప్ బ్రాండు లాంటి, చార్జి తక్కువగా కారే నికెల్ సెల్లు ఏడాది పెట్టెలో ఉన్నా చాలావరకు నిలుపుకుంటాయి, తుపాన్ల ఊళ్లో అవే కొనండి. కరెంటు రోజుల తరబడి పోతే చార్జింగ్ ఎక్కడ పెడతారు? అందుకే ఒక స్ట్రిప్పు ఆల్కలైన్ సెల్లు విడిగా దాచండి. పాతా కొత్తా కలిపి, లేదా రెండు రకాలు కలిపి వేయొద్దు. బలమైన సెల్లు నీరసించిన సెల్‌లోకి కరెంటును ఎదురు తోసి, అది కారిపోయేలా చేస్తాయి.

దాచేటప్పుడు సెల్లు టార్చిలో వదలకండి, పక్కన సంచిలో ఉంచండి. ఇప్పటికే ఆల్కలైన్ సెల్ కారి స్ప్రింగ్ మీద తెల్లటి పొడి పేరుకుంటే, దూది చుట్టిన పుల్లను నిమ్మరసంలో ముంచి రుద్దండి. తర్వాత తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాకే కొత్త సెల్లు వేయండి.