కెర్నెల్ మౌనంగా ఉందంటే చచ్చిపోయిందని కాదు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ బోర్డు మీద లినక్స్ లేవడం లేదని, బూట్‌లోడర్ (కెర్నెల్‌ని, అంటే లినక్స్ మూల ప్రోగ్రామును, మెమరీలోకి ఎక్కించి నడిపించే చిన్న ప్రోగ్రాము) ‘స్టార్టింగ్ కెర్నెల్’ అని చూపించాక ఉలుకూ పలుకూ లేదని రాశావు. రెండు రోజులుగా కాన్ఫిగ్ ఆప్షన్లు ఒక్కొక్కటీ మార్చి చూస్తున్నావట. ఆ పని ఇప్పుడే ఆపెయ్యి. కెర్నెల్ ఆ వరుస దగ్గరే కూలిందని నీకు ఎలా తెలుసు? సీరియల్ కన్సోల్ (బోర్డు నుంచి తీగ మీద నీ కంప్యూటరుకు అక్షరాలు పంపే దారి) సిద్ధమయ్యేలోపు అది చెప్పిన మాటలన్నీ మెమరీలోని లాగ్ బఫర్‌లోనే ఉండిపోతాయి. చాలా దూరం నడిచి, చాలా చెప్పి కూలినా మనకు మాత్రం ఖాళీ తెరే కనిపిస్తుంది.

కాబట్టి ముందు దాని మాట వినే దారి చూడు. కెర్నెల్‌కి బూట్‌లోడర్ అందించే కమాండ్ లైనులో ఎర్లీకాన్ (earlycon) చేర్చు; అసలు కన్సోల్ సిద్ధం కాకముందే సందేశాలు చూపించే ఆప్షన్ అది. బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నెల్‌కి చెప్పే డివైస్ ట్రీలో, ఛోజన్ (chosen) నోడ్‌లో, సందేశాలు ఎటు పంపాలో చెప్పే స్టడౌట్ పాత్ (stdout-path) సరిగ్గా ఉంటే ఆ ఒక్క మాట చాలు. లేకపోతే యూఏఆర్‌టీ (సీరియల్ అక్షరాలు పంపే చిప్ భాగం) రకం, చిప్ మాన్యువల్లో దానికిచ్చిన అడ్రస్ కూడా రాయాలి. బాడ్ రేటు (అక్షరాలు పంపే వేగం) రాయకు. బూట్‌లోడర్ 115200కి అమర్చి ఉంటే సాధారణంగా అదే కొనసాగుతుంది.

అప్పటికీ పలకకపోయినా బెంగపడకు. ఒకసారి నాకూ ఇదే జరిగింది, మూడు రోజులు పోయాయి. చివరికి కరెంటు తీయకుండా రీసెట్ బటన్ మాత్రమే నొక్కాను. మెమరీలో ఉన్నది చెరిగిపోలేదు. కెర్నెల్‌లో ఏది ఏ అడ్రస్‌లో ఉందో రాసి ఉండే సిస్టమ్ మ్యాప్ ఫైల్లో లాగ్ బఫర్ అడ్రస్ వెతికి, దాన్ని ఫిజికల్ అడ్రస్‌గా మార్చి, యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లో, మెమరీని చూపించే ఎండీ (md) కమాండుతో ఆ చోటు చదివాను. హెక్స్ అంకెలకు కుడిపక్కన ‘లినక్స్ వెర్షన్’ అన్న అక్షరాలు కనబడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంకాస్త కిందికి వెళ్తే సంగతి తేలిపోయింది. బోర్డు మీద ఉన్నది 512 ఎంబీ, డివైస్ ట్రీలో రాసింది 1 జీబీ. లేని మెమరీని ముట్టుకోబోయి కెర్నెల్ కూలింది. నేను మూడు రోజులు తిరగేసిన కాన్ఫిగ్‌లో ఏ తప్పూ లేదు!

ఊప్స్ (తప్పు జరిగినప్పుడు కెర్నెల్ రాసే నివేదిక) కనబడ్డాక మొదటిదాన్నే పట్టుకో. తర్వాత వచ్చేవి చాలాసార్లు దాని పర్యవసానాలే. అందులో తప్పు జరిగిన ఫంక్షన్ పేరు, ఆఫ్‌సెట్ (ఫంక్షన్ మొదలు నుంచి ఎంత దూరమో) ఉంటాయి. కెర్నెల్ సోర్సుతో వచ్చే ఫ్యాడర్‌టులైన్ (faddr2line) స్క్రిప్టుకు అవి ఇస్తే సోర్సులో ఏ వరుసో చెబుతుంది. అయితే బోర్డులో నడిచిన బిల్డు తాలూకు వీఎంలినక్స్ (vmlinux, కుదించని కెర్నెల్ ఫైలు) మాత్రమే, అదీ డీబగ్ సమాచారంతో ఉన్నదే వాడాలి. వేరే బిల్డుది వాడితే తప్పుడు వరుస చూపిస్తుంది, నువ్వు దాన్ని నమ్ముతావు. జీడీబీ అనే డీబగ్గర్‌తో కెర్నెల్‌ని ఆపి చూసేటప్పుడు కమాండ్ లైనులో నోకేఏఎస్ఎల్ఆర్ (nokaslr) కూడా పెట్టు, లేకపోతే బూట్ చేసిన ప్రతిసారీ అడ్రస్‌లు మారిపోవచ్చు.

పాత కెర్నెల్ ఇదే బోర్డు మీద లేస్తోందా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. లేస్తుంటే గిట్ బైసెక్ట్ పెట్టు; లేచే కెర్నెల్‌కీ లేవనిదానికీ మధ్య వచ్చిన మార్పులను అది ప్రతిసారీ సగానికి కోస్తూ వెతుకుతుంది. మధ్యలో వెయ్యి కమిట్లున్నా (కమిట్ అంటే ఒక్కో మార్పు) కాస్త అటూ ఇటూగా పదిసార్లు బూట్ చేస్తే దోషి దొరుకుతుంది.

ఎర్లీకాన్ పెట్టాక వచ్చిన మొదటి వరుసలు, డివైస్ ట్రీలో మెమరీ నోడ్, బోర్డు మీది ర్యామ్ చిప్ ఫొటో నాకు పంపు. ఆదివారం పొద్దున ఫోను చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

మామయ్య