స్టేట్ యూనివర్సిటీ నుంచి ఏఎన్ఆర్ఎఫ్ గ్రాంటుకి అప్లై చేస్తే వస్తుందా? నా అనుభవం

వస్తుంది, నాకు వచ్చింది. జిల్లా కేంద్రంలోని యూనివర్సిటీలో కొత్తగా చేరాను, ల్యాబులో చెప్పుకోదగ్గ పరికరాలు లేవు, ఏఎన్ఆర్ఎఫ్ (పరిశోధనకి డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ప్రాజెక్టులన్నీ ఐఐటీలకే పోతాయని సీనియర్లు అంటున్నారు, అప్లై చేయడం దండగేనా అని అడిగారు కదా. నేను చేరినప్పుడు మా స్టాఫ్ రూములోనూ ఇదే మాట. పెద్ద సంస్థలకి ఎక్కువ వెళ్తాయన్నది నిజమే కానీ, ఆ మాట నాతో అన్నవాళ్ళలో చాలామంది ఒక్కసారి కూడా ప్రపోజల్ పంపలేదు. ఏఎన్ఆర్ఎఫ్‌కి ముందు ఈ పని చేసిన సంస్థ సెర్బ్ ఉన్న రోజుల్లో నాకు స్టార్టప్ రీసెర్చ్ గ్రాంట్ (కొత్తగా చేరిన అధ్యాపకుల పరిశోధనకి ఇచ్చేది) వచ్చింది. తొలిసారి రాలేదు, ఆ తర్వాత వచ్చింది.

ఇప్పుడు సెర్బ్ లేదు. 2023లో చేసిన చట్టంతో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్) వచ్చి, సెర్బ్ అందులో కలిసిపోయింది. మా రోజుల్లో స్టార్టప్ గ్రాంట్ రెండేళ్ళకి 30 లక్షల వరకు ఉండేది. దాని స్థానంలో వచ్చిన ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటులో మూడేళ్ళకి 60 లక్షల వరకు ఇస్తారు, ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణ ఖర్చులకి ఇచ్చేది) విడిగా. మీరు కొత్తగా చేరారు కాబట్టి ముందు దీన్నే చూడండి, వయసు పరిమితి కూడా ఉంటుంది కాబట్టి వాయిదా వేయకండి. రెగ్యులర్ పోస్టులో ఉండాలన్న షరతు ఒకటి ఉంది. మన రెండు రాష్ట్రాల యూనివర్సిటీల్లో ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే పాఠాలు చెప్తున్న మంచి పరిశోధకులు ఎందరో ఈ ఒక్క షరతు దగ్గరే ఆగిపోతున్నారు, ఇది చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ఇక ప్రపోజల్ సంగతి. రివ్యూ చేసే వ్యక్తి మనసులో ఉండేది, నాకు అర్థమైనంతలో, ఒకటే: ఈ మనిషి, ఈ చోట ఉండి, ఈ పని మూడేళ్ళలో పూర్తి చేయగలరా? మీ ప్రపోజల్లో ప్రతి పేజీ దీనికి జవాబు చెప్పాలి. అందుకే ప్రశ్న ఎంత చిన్నదైతే అంత మంచిది, అది మీ ఊరికి దగ్గరదైతే ఇంకా మంచిది.

నాది కెమిస్ట్రీ, నల్గొండ వైపు. అక్కడి ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలుసు, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు రూపొందించిన పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాముకి మించకూడదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. అయితే ఫ్లోరైడ్‌ని పట్టుకునే కొత్త పదార్థం తయారుచేస్తాను అని దేశంలో ఎంతోమంది రాస్తారు. తొలిసారి నాకు వచ్చిన కామెంట్లలో ఒక రివ్యూయర్, మీరు చెప్తున్న సామర్థ్యం డిస్టిల్డ్ వాటర్లోనా, బోరు నీళ్ళలోనా అని అడిగారు. రెండోసారి ప్రపోజల్ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే రాశాను. సోడియం ఫ్లోరైడ్ కలిపిన డిస్టిల్డ్ వాటర్లో అల్యూమినా రకం పదార్థాలు చక్కగా పనిచేస్తాయి, అదే బైకార్బొనేట్ ఎక్కువున్న బోరు నీళ్ళలో వేస్తే సామర్థ్యం పడిపోతుంది, ఎందుకంటే బైకార్బొనేట్ పీహెచ్‌ని పెంచుతుంది, పదార్థం ఉపరితలం మీద ఫ్లోరైడ్‌తో పోటీ కూడా పడుతుంది. ఎంత పడిపోతుంది, దాన్ని తట్టుకునేలా పదార్థాన్ని ఎలా మార్చాలి, ఇంతే నా ప్రశ్న. ఎమ్మెస్సీ పిల్లలు వాళ్ళ ఊళ్ళ నుంచి ప్లాస్టిక్ సీసాల్లో బోరు నీళ్ళు తెచ్చారు, డిపార్ట్‌మెంటులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంది, ఆ రీడింగులతో ఒక టేబుల్ వేసి ప్రపోజల్లో పెట్టాను. ఆ శాంపిల్స్ ఏ ఐఐటీ ల్యాబులోనూ అప్పటికి లేవు, మా దగ్గర ఉన్నాయి. మీ సబ్జెక్టు ఏదైనా సరే, అలా మీ చేతిలోనే ఉన్నది ఏమిటో వెతకండి. రిజెక్ట్ అయితే కామెంట్లు దాచుకోండి, కోపం తగ్గాక మళ్ళీ చదవండి.

ల్యాబులో ఏమీ లేదని టెన్షన్ పడకండి. పదార్థాల నిర్మాణాన్ని చూసే ఎక్స్‌ఆర్‌డీ, ఎస్ఈఎమ్ లాంటి ఖరీదైన పరికరాలు కొనాలని రాస్తే బడ్జెట్ దానికే అయిపోతుంది. ఐ-స్టెమ్ పోర్టల్లో దేశంలో ఎక్కడ ఏ పరికరం ఉందో చూసి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. శాంపిల్‌కి ఎంత అవుతుందో ముందే కనుక్కుని ఆ ఖర్చు బడ్జెట్లో చూపించండి. రోజూ వాడేది మాత్రం కొనండి, కొటేషన్ జతచేసి, అది లేకపోతే పని ఎక్కడ ఆగుతుందో రెండు వాక్యాల్లో రాయండి.

ఈ ప్రాజెక్టుకి సంస్థ ఒప్పుకుంటోందని చెప్పే ఎండార్స్‌మెంట్ సర్టిఫికెట్ మీద సంస్థ అధిపతి సంతకం కావాలి. ఈ ఫైలు కదలడానికి మా దగ్గర ప్రపోజల్ రాసినంత టైమ్ పట్టింది, కాబట్టి దరఖాస్తులు పిలుస్తూ ప్రకటన రాగానే ముందు ఆ కాగితం సంతకానికి పంపించండి, సైన్స్ భాగం తర్వాత రాసుకోవచ్చు.

గ్రాంట్ వచ్చాక డబ్బు మీ చేతికి రాదు, సంస్థ ఖాతా ద్వారానే నడుస్తుంది. కొనుగోళ్ళు నిబంధనల ప్రకారం చేయాలి, వడ్డీ వస్తే వెనక్కి కట్టాలి, మార్చి 31 దాటాక యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు ఇచ్చిన పనికే వాడామని చెప్పే కాగితం), ఖర్చుల స్టేట్‌మెంట్ పంపకపోతే తర్వాతి విడత రాదు. మీ అకౌంట్స్ సెక్షన్‌లో ఇవి చేసిన అనుభవం ఉన్న ఒక్క మనిషిని మొదటి రోజే పట్టుకోండి, ఆ మనిషి సహాయం ఏ పరికరం కంటే తక్కువ కాదు. ప్రతి బిల్లు కాపీ మీ దగ్గర కూడా ఉంచుకోండి.

చివరిగా ఒకటి. అడిగినంత ఇవ్వకుండా బడ్జెట్ తగ్గించడం మామూలే. అప్లికేషన్లో అంకెలు తగ్గించాల్సి వస్తే ప్రయాణాలు తగ్గించండి, కంటింజెన్సీ (చిల్లర ఖర్చులు) తగ్గించండి, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో, ప్రాజెక్టులో జీతం మీద పనిచేసే పరిశోధక విద్యార్థి) పోస్టుని మాత్రం తీసేయకండి. 2023 నుంచి జేఆర్ఎఫ్‌కి నెలకి 37,000, హెచ్ఆర్ఏ అదనం. నెట్ లేదా గేట్ ఉండి కూడా ఇంట్లో డబ్బుల్లేక పీహెచ్‌డీ ఆలోచన మానేసి కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పుకుంటున్న పిల్లలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. మా ప్రాజెక్టులో చేరిన అమ్మాయి అలాంటిదే, ఇప్పుడు తన థీసిస్ రాస్తోంది. జేఆర్ఎఫ్ నోటిఫికేషన్ మీ యూనివర్సిటీ వెబ్‌సైట్లో పెట్టి ఊరుకోకుండా చుట్టుపక్కల డిగ్రీ, పీజీ కాలేజీల లెక్చరర్లకి కూడా పంపండి, అలాంటి పిల్లలకి కబురు వాళ్ళ ద్వారానే చేరుతుంది.