మామిడి కొమ్మలు చివర్ల నుంచి ఎండుతుంటే: చీల్చి చూడండి

కొమ్మ చివర్ల నుంచి ఎండటం, మాడిన ఆకులు రాలకుండా వేలాడటం, బంక కారటం. గుణుపురం దగ్గర మీ తోటలో ఈ మూడూ ఉన్నాయన్నారు కాబట్టి ఇది చాలావరకు కొమ్మ ఎండు తెగులే. చెక్కలో బతికే లాసియోడిప్లోడియా అనే శిలీంధ్రం పని. ఎరువు పెంచితే తగ్గదు.

1. ముందు కాండం చూడండి. రంధ్రాలు, కింద రంపపు పొట్టు ఉంటే అది కాండం తొలిచే పురుగు, దాని మందు వేరు.

2. లేకపోతే సగం ఎండిన కొమ్మ ఒకటి కోసి, కత్తితో నిలువుగా చీల్చండి. బెరడు కింద గోధుమరంగు చారలు పచ్చి భాగంలోకి దిగి ఉంటే ఇదే తెగులు.

3. చాలామంది ఎండిన చోటికే కోసి ఆగిపోతారు. శిలీంధ్రం అప్పటికే ఇంకా కిందికి దిగి ఉంటుంది, నెల తిరక్కుండా మళ్లీ ఎండు మొదలు! చార ఆగిన చోటు నుంచి మరో 3 అంగుళాలు కిందికి కోయండి. కోసిన ముఖంలో ఎక్కడా మచ్చ ఉండకూడదు. చెట్టు మారినప్పుడల్లా కత్తిని స్పిరిట్‌తో తుడవండి.

4. కోసిన ముఖాలకు బోర్డో పేస్ట్ (శిలీంధ్రాన్ని ఆపే పూత) పూయండి: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్లు లీటరు. ఇనుప డబ్బాలో కలపొద్దు.

5. వాన లేని రోజు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశక మందు లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి చెట్టుకు పిచికారీ.

కోసినవి గట్టు మీద కుప్పేయకుండా కాల్చేయండి. చెట్టు మొదట్లో గట్టి పుట్టగొడుగు కనిపిస్తే మాత్రం సంగతి వేరు, ఫోటో పెట్టండి.