డాక్టరు దగ్గర ఆమెనే మాట్లాడనివ్వండి

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, నా భార్యది డిపెండెంట్ వీసా. మాకు ఏడు నెలల పాప. పురుటికి ముందే వచ్చిన మా అత్తగారు విజిటర్ వీసా ఆరు నెలలు అయిపోవడంతో ఖమ్మం వెళ్లిపోయారు. అప్పట్నుంచి నా భార్య తలనొప్పి, గుండె దడ, ఒళ్లంతా లాగేస్తోంది అంటోంది. పాప పడుకున్నా తనకు నిద్ర రాదు. తిండీ స్నానమూ నేను గుర్తు చేయాలి. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లాను. తను తెలుగులో చెబితే నేనే ఇంగ్లీషులో చెప్పాను. రక్తపరీక్షలు, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయన్నారు. డిప్రెషనేమో అని నా అనుమానం. ఆ మాట బయటపెడితే పాపను పిల్లల సంరక్షణ చూసే సోషల్ సర్వీసెస్ వాళ్లు తీసుకుపోతారని, వీసాకూ ఇబ్బందని తను భయపడుతోంది. మా అమ్మ దిష్టి అంటోంది. డాక్టరు చదివిన మా బాబాయి కొడుకు హైదరాబాద్ నుంచి మాత్రలు పంపుతానంటున్నాడు. ఇండియా పంపిస్తే తేరుకుంటుందా?

జవాబు: మీ అనుమానాన్ని కొట్టిపారేయకండి. కాన్పయిన ఏడాదిలోపు డిప్రెషన్ రావడం ఇంగ్లండ్‌లో పదిమంది తల్లుల్లో ఒకరికి పైగా చూస్తున్న విషయమే. మీ భార్యకు ఉన్నది అదేనా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. కానీ మీరు రాసిన తీరు చూస్తే, డాక్టరుకు ఆ సంగతి తెలిసే అవకాశమే ఇంతవరకూ రాలేదు.

ఆ గదిలో ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి. భర్త పక్కన కూర్చుని ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. "పాపను ఎత్తుకోబుద్ధి కావట్లేదు", "ఎందుకు బతుకుతున్నానో అనిపిస్తోంది" అని ఏ తల్లి మీ ముందు అనగలదు? తలనొప్పి అనడం సులువు. నొప్పి అబద్ధమని కాదు. మనసు కుంగినప్పుడు తల బరువు, దడ, నీరసం నిజంగానే వస్తాయి. మనవాళ్లు ముందు ఒంటి బాధే చెప్పుకుంటారు, డాక్టరు ఒంటికే పరీక్షలు రాసి పంపుతారు. ఇలా ఎంతోమంది మధ్యలోనే ఆగిపోతున్నారు. 2014లో ఇంగ్లండ్‌లో జరిగిన పెద్ద మానసిక ఆరోగ్య సర్వేలో, చికిత్స అందుతున్నవాళ్ల శాతం తెల్లవారితో పోలిస్తే ఆసియా, నల్లజాతి కుటుంబాల్లో దాదాపు సగమే ఉంది. చికిత్స అందనివాళ్లలో మీ ఇల్లు చేరకూడదని నా తాపత్రయం.

కాబట్టి ఈసారి అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి, డబుల్ అపాయింట్‌మెంట్ ఇవ్వండి" అనండి. డబుల్ అంటే రెట్టింపు సమయం. ఇంటర్‌ప్రెటర్ అంటే ఆమె మాటలను ఇంగ్లీషులో చెప్పే మనిషి, దానికి డబ్బులేమీ తీసుకోరు. ఇంటివాళ్ల చేత అనువాదం చేయించకపోవడమే మంచిదని అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా చెబుతుంది. మీ భార్య బీటెక్ చదివిందా, ఇంగ్లీషు వచ్చా అన్నది ఇక్కడ లెక్క కాదు. ఏడుపొచ్చే మాట అమ్మభాషలోనే బయటికొస్తుంది. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పాకిపోతుందేమో అని భయముంటే ఫోన్ ఇంటర్‌ప్రెటర్‌ను, అదీ ఆడవాళ్లను, అడగండి. విన్నది బయట చెప్పకూడదన్న కట్టుబాటు వాళ్లకుంది. మీరు మాత్రం పాపను తీసుకుని బయట కూర్చోండి.

అక్కడ ఫారం ఒకటి ఇవ్వొచ్చు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎలా ఉందని. మర్యాదకు "అంతా బాగానే ఉంది" అని టిక్కులు పెట్టవద్దని ముందే చెప్పండి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. నిజం రాస్తేనే సాయం సరిగ్గా అందుతుంది.

ఇక ఆమె భయాలు. డిప్రెషన్‌కు చికిత్స అడిగినంత మాత్రాన పిల్లను తీసుకుపోరు. బిడ్డకు నిజంగా ప్రమాదం ఉందనుకున్నప్పుడే అక్కడి అధికారులు కలగజేసుకుంటారు, అప్పుడు కూడా తల్లికి తోడ్పాటు ఇవ్వాలనే ముందు చూస్తారు. డిప్రెషన్‌కు వైద్యం చేయించుకున్నారని వీసా పోదు. వీసాకు కట్టిన హెల్త్ సర్‌చార్జ్ ఇలాంటి వైద్యానికీ వర్తిస్తుంది, మొహమాటపడకండి. ఈ మాటలు మీరు చెబితే నమ్మకపోవచ్చు. బిడ్డను చూడటానికి ఇంటికి వచ్చే నర్సు, హెల్త్ విజిటర్‌నే అడగమనండి.

వైద్యం రెండు దారుల్లో ఉంటుంది. ఒకటి మాటలతో చేసే చికిత్స. ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కు జీపీ ఉత్తరం లేకుండా ఆన్‌లైన్‌లో నేరుగా పేరు ఇవ్వొచ్చు. బిడ్డకు ఏడాది నిండలేదని తప్పక రాయండి, బాలింతలకు ప్రాధాన్యం ఇస్తారు. ఇంటర్‌ప్రెటర్ కావాలన్నదీ అక్కడే రాయండి. ఇంగ్లండ్‌లో దక్షిణాసియా తల్లులు ఏడువందల మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనంలో, వాళ్ల భాషా సంస్కృతులకు తగినట్టు మార్చిన గ్రూపు థెరపీ తీసుకున్నవాళ్లు నాలుగు నెలలకు మామూలు వైద్యం అందినవాళ్లకంటే ఎక్కువగా కోలుకున్నారు. మీ ఊళ్లో అలాంటి గ్రూపు ఉందేమో హెల్త్ విజిటర్‌ను అడగండి.

రెండోది మందులు. పాలిచ్చే తల్లికి ఇవ్వదగినవి ఉన్నాయి, సెర్ట్రలీన్ అనే మందు తరచూ వాడతారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, తేలిక పడిందని మధ్యలో మానేయకూడదు. బిడ్డకు ఏడాది నిండేదాకా మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఉంటే మందులకు డబ్బు కట్టక్కర్లేదు. హైదరాబాద్ నుంచి మాత్రలు మాత్రం వద్దు. ఆమెను చూడకుండా, పాలిస్తోందో లేదో కనుక్కోకుండా రాసే మందు ఎవరు రాసినా ప్రమాదమే.

మీ అమ్మగారితో గొడవ పడకండి. దిష్టి తీస్తే తీయనివ్వండి, అది ఎవరికీ అడ్డం రాదు. "మేమూ కన్నాం పిల్లల్ని" అని కోడలితో అనకుండా మాత్రం చూడండి. మీ అమ్మగారికి పుట్టింట్లో పథ్యం పెట్టే చేతులు, బిడ్డకు నలుగు పెట్టే చేతులు వేరే ఉండేవి. మీ భార్యకు ఇవాళ మీ రెండు చేతులే ఉన్నాయి. రాత్రి ఒకసారి పాపకు పాలు పట్టే పని మీరు తీసుకోండి. ఆమెకు ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర దొరకాలి. పగలు ఆమె బయటికి ఒక్కతే వెళ్లి పది నిమిషాలు నడిచి వచ్చినా మంచిదే.

చావాలని ఉందన్నా, బిడ్డకు ఏమైనా చేస్తానేమో అన్నా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ 111కు ఫోన్ చేసి 2 నొక్కండి. ప్రాణాపాయమనిపిస్తే అంబులెన్సుకు 999. ఆమెనూ పాపనూ ఒంటరిగా వదలకండి. మీకే గుండె బరువెక్కితే 116 123కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి, మనసు బాధ వినే స్వచ్ఛంద సంస్థ సమారిటన్స్‌తో మాట్లాడొచ్చు. భర్తలూ కుంగిపోతారు, అది కూడా డాక్టరుకు చెప్పుకోదగ్గ విషయమే.

ఇండియా సంగతి. "పంపిస్తే" అని రాశారు, ఆ నిర్ణయం ఆమెది. తల్లి దగ్గరకు వెళ్లాలని తనకు ఉంటే వెళ్లనివ్వండి, కానీ చికిత్స ఇక్కడ మొదలయ్యాక, డాక్టరుతో మాట్లాడాక. మందుల వివరాలతో జీపీ ఉత్తరం వెంట ఇవ్వండి. ఖమ్మంలో 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, దగ్గర్లో ఏ డాక్టరును కలవాలో కూడా చెబుతారు. వెళ్లే ముందే తిరుగు టికెట్ తేదీ ఆమె చేతే పెట్టించండి.